పేరా నంబరు మీద ప్రమాణం

కోర్టుల ఎదుటి వీధుల్లో టైపు మిషన్ల చప్పుడు ఆగిపోయి చాలా కాలమైంది. బల్లల మీద మానిటర్లు, బల్లల కింద ప్రింటర్లు వచ్చాయి. అయినా అక్కడ కూర్చుని దావా కాగితాలు కొట్టేవారి చేతుల్ని కాసేపు గమనిస్తే టైపు మిషను ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. కోర్టు పేరు పేజీ మధ్యకు రావాలంటే బొటనవేలు స్పేస్‌బారును వాయిస్తూ పోతుంది. షెడ్యూలు కొత్త పేజీలో మొదలు కావాలంటే ఎంటర్ కీని పేజీ నిండేదాకా ఒత్తుతారు. పేరాల నంబర్లు ఒక్కొక్కటీ చేత్తో కొడతారు.

అందులో వాళ్ల తప్పేం లేదు. లోయరు, హయ్యరు పరీక్షలకు టైపు ఇన్‌స్టిట్యూట్లు నేర్పింది అదే. హెడ్డింగు నడిమికి రావాలంటే క్యారేజీని కాగితం మధ్యకు జరిపి, అక్షరాలు లెక్కపెట్టి, రెండేసి అక్షరాలకు ఒక బ్యాక్‌స్పేసు చొప్పున వెనక్కి వచ్చి, అక్కడి నుంచి కొట్టాలి. ఆ యంత్రానికి హెడ్డింగంటే ఏమిటో, పేరా అంటే ఏమిటో తెలియదు. కొట్టిన అక్షరం ఎక్కడ పడాలో అంతవరకే తెలుసు. మిగతాదంతా టైపిస్టు బుర్రలో ఉండేది. కంప్యూటరు వచ్చాక సంగతి మారింది. ఇది హెడ్డింగు, ఇది పేరా, ఇది తీర్పులోంచి తీసిన భాగం అని చెబితే అది గుర్తుపెట్టుకుంటుంది. చెప్పేవాళ్లే తక్కువ.

ఎవరైనా పంపిన ఫైలు వర్డ్‌లో తెరవగానే నేను కంట్రోల్, షిఫ్ట్, 8 మీటలు కలిపి నొక్కుతాను. అప్పుడు తెరమీద దాగి ఉన్న గుర్తులన్నీ బయటపడతాయి. స్పేసు కొట్టిన ప్రతిచోటా ఒక చుక్క, ట్యాబుకు ఒక బాణం, ఎంటరుకు పేరా గుర్తు. కొన్ని దావాల మొదటి పేజీ సంక్రాంతి ముగ్గుకు చుక్కలు పెట్టి గీతలు కలపడం మరిచిపోయినట్టుగా ఉంటుంది. అచ్చులో చూస్తే అంతా తీరుగానే కనిపిస్తుంది. ఆ తీరు కాగితం మీదిది మాత్రమే. ఒక మాట కలిపినా, ఫాంటు ఒక పాయింటు పెరిగినా, ఫైలు మరో ప్రోగ్రాములో తెరిచినా చెదిరిపోతుంది. ఈ-కోర్ట్స్ ప్రాజెక్టుతో కోర్టుల్లోకి ఉబుంటు లైనక్స్ వచ్చింది. అందులో వర్డ్ ఉండదు, లిబ్రే ఆఫీస్ రైటర్ ఉంటుంది. చుక్కల మీద నిలబెట్టిన పేజీ అక్కడికి వెళ్లేసరికి కాళ్లు చేతులు విడివిడిగా పడతాయి.

ఫార్మాటింగు అంటే రాత పూర్తయ్యాక అద్దే పౌడరని మా వృత్తిలో చాలామంది నమ్మకం. నాకు అలా అనిపించదు. ఏది ఏమిటో విడదీసి, దానికి పేరు పెట్టి, ఒకదానికి మరొకదానితో ఉన్న సంబంధం చెప్పడమే వకీలు పని. ఇది వాస్తవం, ఇది ఆరోపణ, ఇది దావా కారణం, ఇది కోరే పరిహారం అని వేరు చేయకపోతే వాదమే నిలబడదు. వర్డ్‌లోని స్టైల్స్, ఆటోమేటిక్ నంబరింగు, క్రాస్ రిఫరెన్సు అడిగేది కూడా ఇదే పని. కంప్యూటరు పుట్టక చాలా ముందే సివిల్ ప్రొసీజర్ కోడ్ దీన్ని అడిగింది.

1908 నాటి ఆ కోడ్‌లో ఆర్డర్ 6, రూల్ 2 చూడండి. వాదపత్రాన్ని అవసరమైన చోట పేరాలుగా విడగొట్టాలి, వాటికి వరుస నంబర్లు వేయాలి, వీలైనంతవరకు ఒక్కో ఆరోపణ ఒక్కో పేరాలో ఉండాలి. తేదీలు, సొమ్ములు, సంఖ్యలు అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. అదే ఆర్డరులోని రూల్ 15 వెరిఫికేషన్ గురించి. సంతకం పెట్టే మనిషి తనకు స్వయంగా తెలిసిన సంగతులేవో, ఇతరుల వల్ల తెలిసి నిజమని నమ్మినవేవో పేరా నంబర్లతో సహా చెప్పాలి. అంటే క్లయింటు ప్రమాణం చేసేది నంబర్ల మీద. ఆ నంబర్లు అలంకారం ఎలా అవుతాయి?

ప్రతి ఆఫీసులోనూ జరిగే తంతు ఒకటి ఉంది. దావా సిద్ధమైంది. పదకొండు పేరాలు. ఒకటి నుంచి ఆరు వరకు వాదికి స్వయంగా తెలిసిన సంగతులు, ఏడు నుంచి పదకొండు వరకు న్యాయసలహా మీద నమ్మినవి అని వెరిఫికేషన్. సంతకానికి వచ్చిన పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, జూనియరు చదువుతుంటే విని, కలం చేతికిచ్చేసరికి, "లాయరు గారూ, అగ్రిమెంటుకు ముందే పదివేలు బయానా ఇచ్చాను గదా, అది ఎక్కడా రాలేదే" అంటాడు. బయానా కీలకమైన సంగతి. రాయక తప్పదు. మూడో పేరా తర్వాత కొత్త పేరా పడాలి.

ఇక్కడ రెండు దారులు. చేత్తో నంబర్లు కొట్టిన ఫైలైతే కొందరు "3-ఎ" అని దూర్చేస్తారు. కొందరు కింది నంబర్లన్నీ ఒక్కొక్కటే దిద్దుతారు, హడావుడిలో వెరిఫికేషన్ వైపు చూడరు. అప్పుడు ఏమవుతుందో చూడండి. ప్రతివాది తన ఎదుటే నిలబడి రిజిస్ట్రేషన్ చేయనన్నాడని చెప్పే పాత ఆరో పేరా ఇప్పుడు ఏడోది. వెరిఫికేషన్ ప్రకారం అది వాది కళ్లారా చూసింది కాదు, ఎవరో చెప్తే నమ్మింది. ఇక పాత పదకొండో పేరా పన్నెండోదై ఏ లెక్కలోకీ రాకుండా గాల్లో ఉండిపోయింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి వకీలు ఆ కాగితం చేతికిచ్చి, "ఏడో పేరాలో ఉన్నది నీకు తెలియదు, విన్నావంతే, అవునా?" అని అడిగితే ఆ పెద్దాయన ఏం చెప్తాడు?

రెండో దారి. పేరా నంబర్లు వర్డ్ వేసినవైతే, కొత్త పేరా కొట్టగానే కిందివన్నీ వాటంతట అవే జరుగుతాయి. వెరిఫికేషన్‌లోని ఆరు, ఏడు, పదకొండు అనే అంకెల్ని కూడా చేత్తో కొట్టకుండా రిఫరెన్సెస్ ట్యాబులోని క్రాస్ రిఫరెన్సుతో పేరా నంబరుకు ముడిపెట్టి ఉంటే, కంట్రోల్ ఎ కొట్టి ఎఫ్ 9 నొక్కితే ఏడు, ఎనిమిది, పన్నెండు అయి కూర్చుంటాయి. "పైన నాలుగో పేరాలో చెప్పినట్టు" లాంటి మాటలన్నీ అంతే. ప్రింటరు వేడెక్కేలోపు అయ్యే పని.

ప్రతివాది వైపు నుంచి చూస్తే ఈ నంబర్ల పదును ఇంకా తెలుస్తుంది. ఆర్డర్ 8, రూల్ 5 ప్రకారం దావాలోని ఏ వాస్తవాన్నైనా ప్రత్యేకంగా గానీ, పరోక్షంగా అర్థమయ్యేలా గానీ కాదనకపోతే, ఒప్పుకోవడం లేదనైనా చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. అందుకే రిటన్ స్టేట్‌మెంట్ ప్రతి పేరానూ నంబరుతో పిలిచి మరీ కాదంటుంది. ఒక నంబరు జారితే కాదనాల్సింది ఒకటి, కాదన్నది ఒకటి అవుతుంది. కోర్టు అంత యాంత్రికంగా తీర్పు చెప్పకపోవచ్చు. కానీ ఎదుటివారికి ఒక వాయిదాకు సరిపడా వాదన దొరుకుతుంది.

ఇక స్టైల్స్. ఈ మాట ఎత్తగానే తల పండినవాళ్లు, "నాకు బోల్డు, అండర్‌లైను చాలయ్యా" అంటారు. బోల్డు అనేది ఒక రూపం. హెడ్డింగు అనేది ఒక హోదా. అక్షరాలు నల్లబడినంత మాత్రాన ఆ వాక్యం హెడ్డింగు అని కంప్యూటరుకు తెలియదు. కర్సరు అక్కడ పెట్టి కంట్రోల్, ఆల్ట్, 1 నొక్కితే తెలుస్తుంది. ఆ తర్వాత దాని రూపం ఎలా ఉండాలన్నది ఒక్కచోట చెబితే ఫైలంతా పాటిస్తుంది.

ఈ తేడా ఎంత ఖరీదైనదో 2020లో అర్థమైంది. ఆ ఏడాది మార్చి 5న సుప్రీం కోర్టు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఏప్రిల్ 1 నుంచి 75 జీఎస్ఎంకు తగ్గని ఏ4 కాగితం, రెండు వైపులా అచ్చు, టైమ్స్ న్యూ రోమన్ 14 పాయింట్లు, వరుసల మధ్య ఒకటిన్నర ఎడం, కుడి ఎడమల నాలుగేసి సెంటీమీటర్లు, పైన కింద రెండేసి. తీర్పుల నుంచి ఎత్తి రాసే భాగాలైతే 12 పాయింట్లు, సింగిల్ స్పేసింగు. అంతవరకు పొడుగాటి లీగల్ కాగితం మీద ఒక వైపే కొట్టే అలవాటు. ఆ టైమ్స్ న్యూ రోమన్ కూడా లండన్ టైమ్స్ పత్రిక తన ఇరుకు కాలమ్‌ల కోసం తయారు చేయించుకుని 1932లో వాడకంలోకి తెచ్చిన అక్షరం. ఢిల్లీ కోర్టు కాగితాల మీదికి వచ్చి స్థిరపడింది.

సర్క్యులర్‌లో నాకు నచ్చింది తీర్పుల భాగాల గురించిన ఆ రెండో ముక్క. కోర్టు రూపం గురించి మాట్లాడుతూనే హోదా గురించి మాట్లాడింది. మామూలు పేరా వేరు, కొటేషను వేరు అంది. కొటేషన్లకు కొటేషను స్టైలు వేసి ఉంచిన ఫైలులో రెండు చోట్ల అంకెలు మారిస్తే సర్క్యులర్ అమలైపోయింది. అన్నీ ఒకే రకంగా కొట్టి, కొటేషన్లను స్పేసులతో లోపలికి నెట్టిన ఫైలులో ఎక్కడెక్కడ తీర్పుల ముక్కలున్నాయో ఒక మనిషి కూర్చుని వెతుక్కోవాల్సి వచ్చింది.

తెలుగులో రాసేవారికి అదనపు తలనొప్పులు కొన్ని. వర్డ్‌లో ఇంగ్లిషుకు ఒక ఫాంటు గడి, మన లిపుల లాంటి వాటికి కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని ఇంకో గడి ఉంటాయి. మొదటి దాంట్లో సైజు మార్చి తెలుగు మారలేదేమని తల పట్టుకునేవాళ్లను చూస్తుంటాను. స్టైలులో రెండు గడులూ నింపుకుంటే ఆ బాధ ఒక్కసారితో పోతుంది. వరుసల ఎడాన్ని "ఎగ్జాక్ట్‌లీ" అని బిగించడం మరో ప్రమాదం. ఇంగ్లిషు అక్షరాలు ఇమిడిపోతాయి గానీ "రాష్ట్రం" కిందున్న వత్తులు తెగిపోతాయి. తెలుగుకు ఒకటిన్నర లాంటి సాగే కొలతే మేలు.

అన్నిటికన్నా దగ్గరగా చూడాల్సింది ఆస్తి షెడ్యూలు. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. తూర్పు ఫలానా వారి పొలం, దక్షిణం పంట బోదె, పడమర పుంత దారి, ఉత్తరం మరొకరి చేను. వీటిని ట్యాబులు, స్పేసులతో నిలబెడితే పొరుగువాడి పేరు పొడుగైనప్పుడల్లా వరుస కిందికి జారి, పడమర పేరు ఉత్తరం పక్కన కూర్చుంటుంది. గీతలు కనబడని రెండు గళ్ల టేబులు వేస్తే ఎవరి హద్దులో వారుంటారు.

విస్తీర్ణం దగ్గర ఇంకో చిక్కు. ఎకరానికి తెలంగాణలో 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు లెక్క. "ఎ.2-20 గుంటలు" అని రాసినప్పుడు "ఎ.2-" పై వరుస చివర ఆగి, "20 గుంటలు" కింది వరుస మొదట పడితే, తొందరగా చదివే కన్ను ఇరవై గుంటలే చూస్తుంది. "రూ." పైన ఉండిపోయి సొమ్ము కిందికి దిగినా అంతే. పైగా వరుస మొదట్లో ఒంటరిగా నిలబడ్డ అంకె ముందు మరో అంకె చేర్చడం ఎవరికైనా తేలిక. అక్షరాల్లోనూ రాయమని రూల్ 2 చెప్పింది అందుకేననిపిస్తుంది. ఇలాంటి చోట స్పేసుకు బదులు కంట్రోల్, షిఫ్ట్, స్పేసు, హైఫనుకు బదులు కంట్రోల్, షిఫ్ట్, హైఫను కొడితే ఆ రెండు ముక్కలూ విడిపోవు. సంతకం సంగతి కూడా ఇదే జాతిది. వాది సంతకం ఒక్కటే చివరి పేజీలో ఒంటరిగా పడితే ఆ పేజీ ఏ కాగితానికైనా అతుక్కుంటుంది. పై పేరాకు "కీప్ విత్ నెక్స్ట్" పెట్టి ఉంచితే సంతకం తన పేరాను వెంటబెట్టుకునే వెళ్తుంది.

ఫైండ్ అండ్ రీప్లేస్‌ను నమ్ముకునేవారికి తెలుగు ఒక పరీక్ష పెడుతుంది. కింది కోర్టు దావాలోంచి అప్పీలు మెమో తయారు చేస్తూ "వాది" అన్నచోటల్లా "అప్పీలుదారు" అని మార్చమంటే కంప్యూటరు వినయంగా మార్చేస్తుంది. "ప్రతివాది" కాస్తా "ప్రతిఅప్పీలుదారు" అయిపోతాడు. పూర్తి మాటనే వెతకమని గడిలో టిక్కు పెడితే వాదికి, వాదిని, వాదితో అన్నీ తప్పించుకుంటాయి, మన విభక్తులు మాటకు అతుక్కునే ఉంటాయి కనుక. ముందుగా "ప్రతివాది"ని ఫైలులో ఎక్కడా లేని ఏదో గుర్తుగా మార్చి, ఆ తర్వాత "వాది"ని మార్చి, చివరికి ఆ గుర్తును వెనక్కి తేవాలి. అసలు పార్టీల పేర్లను ఒక్కచోట రాసి బుక్‌మార్కు చేసి, మిగతా చోట్లకు అక్కడి నుంచే తెచ్చుకుంటే ఈ వేటే అక్కర్లేదు.

పేజీ నంబర్లదీ ఇదే కథ. సుప్రీం కోర్టు స్పెషల్ లీవ్ పిటిషన్ పేపర్ బుక్‌లో సినాప్సిస్, తేదీల జాబితా ఉన్న పేజీలకు బి, సి, డి అని అక్షరాలు, సవాలు చేసే తీర్పు నకలు నుంచి అంకెలు వస్తాయి. దీనికోసం ముక్కలు ముక్కలుగా ఫైళ్లు చేసేవాళ్లున్నారు. సెక్షన్ బ్రేక్ వేసి, ఫుటర్‌లో "లింక్ టు ప్రీవియస్" తీసేసి, ఒక్కో సెక్షనుకు నంబర్ల తీరూ మొదలూ విడిగా పెడితే ఒక్క ఫైలులోనే రెండు లెక్కలూ నడుస్తాయి.

మా వృత్తికి అన్నిటికన్నా ప్రియమైన పనిముట్టు మాత్రం సేవ్ యాజ్. పాత దావా తెరిచి, పేర్లు మార్చి, కొత్తదిగా భద్రపరచడం. దాంతో ఎవరిదో భార్య పేరు, ఎప్పటిదో తేదీ మరో కుటుంబం భాగపంపకాల దావాలో తేలుతుంటాయి. కంటికి కనబడనివి ఇంకా ప్రమాదం. 2004లో అమెరికాలో ఎస్‌సీఓ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ డైమ్లర్ క్రైస్లర్ మీద దావా వేసింది. ఆ దావా వర్డ్ ఫైలు పత్రికల వారి చేతిలో పడింది. దాచిన మార్పుల్ని తెరిచి చూస్తే, అంతకుముందు ప్రతివాదిగా బ్యాంక్ ఆఫ్ అమెరికా పేరు ఉండి తర్వాత తీసేశారని తేలింది. ఎవరి మీద దావా వేయాలని తర్జనభర్జన పడ్డారన్నది వకీలుకూ క్లయింటుకూ మధ్య ఉండాల్సిన రహస్యం. మార్పుల్ని గుర్తుంచే ట్రాక్ చేంజెస్ వాడటం మంచిదే. సీనియరు దిద్దింది జూనియరు చూసి నేర్చుకునే దారి అది. బయటికి పంపే ముందు మార్పుల్ని ఖాయం చేసి, ఫైల్ మెనూలోని ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ ఒకసారి నడపాలి. పాత దావా బదులు పేర్ల చోట ఖాళీలుంచిన టెంప్లేటు నుంచి మొదలుపెడితే ఇంటి గుట్టు బయటపడే బెడద సగం తప్పుతుంది.

ఇదంతా విని ఒక సీనియరు, "కేసు ఫాంటు మీద గెలుస్తామా?" అని అడిగారు. గెలవం. పేరాలు వరుసలో ఉన్నంత మాత్రాన అబద్ధం నిజం కాదు. యంత్రం మీద భారం వేసి చదవడం మానేస్తే వచ్చే నష్టమూ తక్కువది కాదు. చదవాల్సింది మనిషే. ఒక పేరా తీసేశాక ఎఫ్ 9 నొక్కితే, దాని నంబరు ఉండాల్సిన చోట వర్డ్ బొద్దుగా "ఎర్రర్! రిఫరెన్స్ సోర్స్ నాట్ ఫౌండ్" అని వేస్తుంది. అది చూసి ఈ గోల మాకెందుకని మళ్లీ చేతి నంబర్లకు పోయినవాళ్లున్నారు. నాకైతే ఆ ఎర్రరంటే గౌరవం. నువ్వు చూపించిన సంగతి ఇక్కడ లేదయ్యా అని అది మొహాన చెబుతోంది. చేత్తో కొట్టిన "నాలుగో పేరా" తాను తప్పుడు చోటు చూపిస్తున్నా కిక్కురుమనదు.

ఈ-ఫైలింగ్ వచ్చాక స్టైల్స్ విలువ ఇంకా పెరిగింది. హెడ్డింగులు నిజంగా హెడ్డింగులైతే పీడీఎఫ్‌గా భద్రపరిచేటప్పుడు వాటినే బుక్‌మార్కులుగా మార్చమని అడగవచ్చు. వందల పేజీల కట్టలో జడ్జిగారు ఒక్క నొక్కుతో కోరిన చోటికి చేరతారు. దృష్టిలోపం ఉన్న న్యాయవాదులు స్క్రీన్ రీడర్‌తో చదువుతారు. ఎన్‌వీడీఏ లాంటి ప్రోగ్రాముల్లో "హెచ్" మీట నొక్కితే ఒక హెడ్డింగు నుంచి మరో హెడ్డింగుకు గెంతవచ్చు. బోల్డు చేసి వదిలేసిన తలకట్టు ఆ గెంతుకు అందదు. అచ్చు వేసి స్కాను చేసిన కాగితమైతే అసలు అక్షరాలే కాదు, ఫొటో. ప్రభుత్వ పత్రాలు అందుబాటు రూపంలో ఉండాలని, కోర్టు కాగితాలను ఆ రూపంలో దాఖలు చేసే, భద్రపరిచే ఏర్పాట్లు చేయాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. కంటికి బాగుంటే చాలనుకున్న కాగితం కన్ను లేనివారికి గోడ అయిపోతుంది.

జూనియర్లకు నేను చెప్పే పరీక్ష ఒకటే. దావా పూర్తయిందనిపించాక రెండో పేరా తర్వాత ఉత్తుత్తి పేరా ఒకటి చొప్పించి, ఎఫ్ 9 నొక్కి, చివరి పేజీలోని వెరిఫికేషన్ చూడమంటాను. అంకెలన్నీ కదిలితే ఆ పేరా తీసేసి, మళ్లీ నొక్కి, ఫైలింగుకు పంపవచ్చు. కదలకపోతే ఆ నంబర్లు వేసింది మన వేళ్లే. పెద్దాయన మనల్ని నమ్మి చదవకుండానే సంతకం పెడతాడు. బోనులో నిలబడి ఆ నంబర్లకు జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం ఆయనే.